మేడమీది వెనక సీటు

యుద్ధం గెలవాలంటే అందరి చెమటా కావాలంది డర్బన్ నగరం. పని ముగించుకుని ఇంటికెళ్లే మనిషికి మాత్రం ఒంటి రంగు చూసి చోటిచ్చింది. ఆ నగరంలో తెలుగువాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాళ్లు ఎక్కిన ట్రాముల కథ ఇది, వాళ్లకు దక్కని ఓటు కథ కూడా.

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని డర్బన్‌లో ట్రాం బండి రెండంతస్తులది. కింది అంతస్తు తెల్లవాళ్లది. పై అంతస్తులో ముందు వరుసలూ వాళ్లవే. తెల్లవారు కాని ప్రయాణికులు మెట్లెక్కి పైకి వెళ్లి, వెనక వరుసల్లో కూర్చోవాలి. ఆ కొద్ది సీట్లూ నిండితే, ముందు ఎన్ని ఖాళీగా ఉన్నా తర్వాతి బండి కోసం ఆగాల్సిందే.

ఈ బండ్లు నగర పాలక సంస్థవే. డర్బన్‌లో గుర్రపు ట్రాములు 1880లో మొదలయ్యాయి. 1899లో వాటిని పురపాలక సంస్థ సొంతం చేసుకుంది. 1902లో కరెంటు ట్రాములు, 1935లో పైతీగల కరెంటుతో నడిచే ట్రాలీ బస్సులు వచ్చాయి. బండి మారిన ప్రతిసారీ కొత్త హంగు వచ్చింది. సీట్ల విభజన మాత్రం పాత బండి నుంచి కొత్త బండిలోకి ఎక్కి కూర్చుంది.

చెరకు తోట నుంచి నగర వీధికి

1860 అక్టోబర్ 12న మద్రాసు రేవులో బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబర్ 16న డర్బన్ చేరింది. బ్రిటిష్ వలస రాజ్యమైన నాటాల్‌కు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అదే. 1911 దాకా అలా వచ్చినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగు కుటుంబాలూ వాళ్లలో ఉన్నాయి. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. పని ఎక్కువగా చెరకు తోటల్లో.

చెరకు నాటడం, కొట్టడం, బండ్లకెత్తడం ఎంత నడుం విరిచే పనో నిజామాబాదు జిల్లా బోధన్ చుట్టుపక్కల పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టిన 1937 నాటికి నాటాల్ చెరకు సీమలో తెలుగువాళ్ల మూడో తరం పెరుగుతోంది. అప్పటికే చాలామంది తోటలు వదిలి డర్బన్ చేరారు. కొందరు కూరగాయలు పండించి అమ్మారు. కొందరు రైల్వేలోనూ రేవులోనూ చేరారు. మరికొందరు నగర పాలక సంస్థలోనే కూలీలయ్యారు. రోడ్లు వేయడం, వీధులు ఊడ్చడం, చెత్త ఎత్తడం వీళ్ల పని. ఆ కార్మికుల కోసం సంస్థ కట్టిన నివాసాల పేరు మ్యాగజైన్ బ్యారక్స్. అక్కడ ఎక్కువగా తమిళ, తెలుగు కుటుంబాలు ఉండేవి. భాషనూ ఆచారాలనూ నిలుపుకోవడానికి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది.

అంటే ట్రాం పట్టాలున్న వీధిని తెల్లారకముందే ఊడ్చింది వీళ్లు. ఎండ ఎక్కాక అదే వీధిలో ట్రాం ఎక్కితే వీళ్లకు దొరికింది మేడమీది వెనక సీటు.

ఓటు పోయిన చోట

ఇలాంటి అన్యాయం ఊరికే నిలబడదు. దాన్ని నిలబెట్టింది ఓటర్ల జాబితా. 1896లో నాటాల్ ప్రభుత్వం చట్టం చేసి, శాసనసభ ఎన్నికల్లో భారతీయులకు ఓటు రాకుండా దారి మూసింది. అప్పటికి పురపాలక ఓటు మిగిలే ఉంది. 1924లో నాటాల్ పురపాలక శాసనం కొత్తగా భారతీయుల పేర్లు నమోదు కాకుండా ఆ తలుపూ మూసింది. అప్పటికే జాబితాలో ఉన్న కొద్దిమంది పేర్లు మిగిలాయి. వాళ్లు పోయేకొద్దీ జాబితా తరిగిపోయింది.

1932లో డర్బన్ తన సరిహద్దులు పెంచుకుని మేవిల్, కేటో మేనర్, సిడెన్‌హామ్, క్లెయిర్‌వుడ్ లాంటి శివార్లను కలుపుకుంది. అవి భారతీయులు పెద్ద సంఖ్యలో ఉండే చోట్లు. నగరంలో కలిశాక ఆ ఇళ్ల మీద, భూముల మీద పన్ను పడింది. రోడ్డు, నీళ్లు, వీధి దీపం, బస్సు మాత్రం ఆలస్యంగా వచ్చాయి, అరకొరగా వచ్చాయి. పన్ను కట్టేవాడికి ఓటు లేదు. ఓటు లేనివాడి వీధి గురించి నగర మండలిలో అడిగే మనిషి లేడు.

ఆఫ్రికన్ల పరిస్థితి ఇంకా అన్యాయం. డర్బన్ పురపాలక సంస్థ 1909 నుంచి బీరు తయారీ, అమ్మకాలను తన గుత్తాధిపత్యంలో ఉంచుకుని ఆఫ్రికన్లకు బీరు అమ్మేది. ఆ లాభంతోనే వాళ్ల నివాసాల ఖర్చు గడిపేది. సొంత జేబులోంచి పోయిన డబ్బుతోనే సొంత హాస్టళ్లు కట్టించుకున్నట్టయింది వాళ్ల బతుకు. నగరంలో ఉండడానికే అనుమతి పత్రం కావాల్సిన మనిషికి బస్సు సౌకర్యం అడిగే హక్కు ఎక్కడిది?

సొంత బస్సులు

నగరం పట్టించుకోని దారుల్లోకి భారతీయులే బస్సులు తెచ్చుకున్నారు. 1920ల నుంచి కొన్ని కుటుంబాలు కూడబెట్టిన సొమ్ముతోనో అప్పుతోనో బండి కొని శివార్ల నుంచి విక్టోరియా స్ట్రీట్ మార్కెట్ వైపు నడిపాయి. చాలా బస్సులు ఇంటిల్లిపాదీ నడుపుకునేవే. తండ్రి డ్రైవరు, కొడుకు కండక్టరు, రాత్రిపూట మరమ్మతు చేసేది బాబాయి. భారతీయ మార్కెట్ పక్కన బస్సుల అడ్డా వెలిసింది. కూరగాయల గంపలూ బడి పిల్లలూ రేవు కూలీలూ ఒకే బండిలో వెళ్లేవారు.

1930లో వచ్చిన మోటారు రవాణా చట్టం ఈ బండ్లన్నిటినీ అనుమతి పత్రాల కిందికి తెచ్చింది. ఏ దారిలో, ఎన్ని బండ్లు తిరగాలో స్థానిక రవాణా బోర్డులు తేల్చేవి. అనుమతి దొరకడం కష్టం. ఒకసారి దొరికితే ఆ దారి ఆ యజమానిదే. తర్వాత పోటీకి వచ్చిన ఆఫ్రికన్‌కు అనుమతి దొరకడం మరీ కష్టం. కేటో మేనర్‌లో భారతీయుల స్థలాల్లో గుడిసెలు వేసుకుని అద్దెకుంటున్న ఆఫ్రికన్లు రోజూ పనికి వెళ్లాలంటే భారతీయుడి బస్సే దిక్కయింది. ఛార్జీ పెరిగినా, కండక్టరు విసుక్కున్నా, చిల్లర తేడా వచ్చినా, కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికే పోయింది. ఇలాంటి ఏర్పాటు చేసిన నగర మండలి ఆ కోపానికి కనబడేంత దగ్గర్లో లేదు.

యుద్ధం తెచ్చిన రద్దీ

1939 సెప్టెంబర్ 6న దక్షిణాఫ్రికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. పార్లమెంటులో 80 ఓట్లు అనుకూలం, 67 వ్యతిరేకం. జాన్ స్మట్స్ ప్రధాని అయ్యాడు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగి మధ్యధరా దారి ప్రమాదంలో పడడంతో, ఈజిప్టుకూ ఆసియాకూ వెళ్లే ఓడలు ఆఫ్రికాను చుట్టి రావాల్సి వచ్చింది. డర్బన్ రేవు సైనికుల ఓడలతో కిక్కిరిసింది. పెర్లా గిబ్సన్ అనే గాయని తెల్లటి దుస్తుల్లో రేవు ఒడ్డున నిలబడి సైనికుల కోసం పాడడం ఆ రోజుల్లోనే మొదలైంది. డర్బన్ యుద్ధ జ్ఞాపకాల్లో ఇప్పటికీ ముందు వచ్చేది ఆమె పాటే. ఓడల్లో బొగ్గు నింపినవాళ్లు, మూటలు మోసినవాళ్లు, మరమ్మతు శాలల్లో పనిచేసినవాళ్లు ఆ జ్ఞాపకాల్లో వెనక నిలబడతారు.

ఫ్యాక్టరీలు పెరిగాయి. పల్లెల నుంచి ఆఫ్రికన్లు పనికోసం వెల్లువలా వచ్చారు. బండ్లు మాత్రం పెరగలేదు. పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మొదట్లో మలయా, డచ్ ఈస్టిండీస్ జపాను చేతికి పోవడంతో రబ్బరు దొరక్క టైర్లు కరువయ్యాయి. ఆ కరువు మన దాకా కూడా వచ్చింది. తెలుగునాట బొగ్గుపొగతో నడిచిన బస్సులను ‘బొగ్గు బస్సు’ అని పెద్దలు చెప్పుకునేది ఆ కాలం సంగతే.

కరువు కాలంలో ఉన్నదాన్ని ఎలా పంచారన్నదే పాలన గుణం చెబుతుంది. ఒకే బండిలో ముందు వరుసలు ఖాళీగా పోతుంటే వెనక జనం వేలాడడం వనరుల వృథా అని లెక్కలు తెలిసిన ఏ గుమాస్తా అయినా చెప్పగలడు. యుద్ధ అవసరాల పేరుతో ప్రతిదీ పొదుపు చేసిన డర్బన్ నగర మండలి ఈ వృథాను మాత్రం కాపాడుకుంది. అంతటితో ఆగకుండా, భారతీయులు తెల్లవారి వీధుల్లోకి ‘చొరబడుతున్నారు’ అనే గోలను యుద్ధం మధ్యలోనే పెంచింది. దాని ఒత్తిడి ఫలితంగా 1943లో పార్లమెంటు ‘పెగ్గింగ్ చట్టం’ చేసింది. డర్బన్‌లో భారతీయులూ తెల్లవాళ్లూ ఒకరి దగ్గర ఒకరు ఆస్తి కొనడం అనుమతి లేకుండా కుదరదని మూడేళ్లపాటు కట్టడి చేసింది. బండిలో గీసిన గీత ఇప్పుడు నేల మీదికి దిగింది.

స్టీరింగు ఇచ్చారు, సీటు ఇవ్వలేదు

1940లో దక్షిణాఫ్రికా సైన్యం ‘ఇండియన్ అండ్ మలే కోర్’ అనే దళాన్ని ఏర్పాటు చేసింది. అందులో చేరిన భారతీయుల చేతికి తుపాకి ఇవ్వలేదు. డ్రైవర్లుగా, క్షతగాత్రులను మోసేవాళ్లుగా, ఇతర సహాయక పనులకు తీసుకున్నారు. 1942లో ఈ దళాన్ని కేప్ కోర్‌లో కలిపారు. యుద్ధభూమి అంచున లారీ నడపడానికి పనికొచ్చిన మనిషి, సెలవు మీద డర్బన్ వస్తే ట్రాం ముందు వరుసకు పనికిరాడు. యుద్ధం ఎవరి స్వేచ్ఛ కోసమో ఆ ఒక్క ప్రయాణంలో అతనికి అర్థమయ్యేది.

జొహానెస్‌బర్గ్ నగరానికి ఆనుకుని ఉన్న అలెగ్జాండ్రా అనే ఆఫ్రికన్ వాడ ఇదే కాలంలో కాళ్లతో జవాబిచ్చింది. 1943 ఆగస్టులో ప్రైవేటు బస్సు కంపెనీలు ఛార్జీని 4 పెన్నీల నుంచి 5 పెన్నీలకు పెంచాయి. వేల మంది బస్సులు మానేసి తొమ్మిది రోజులు నడిచారు. పొద్దున సుమారు 15 కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ అంతే దూరం. ఛార్జీ తగ్గింది. 1944 నవంబర్‌లో మళ్లీ పెంచితే ఈసారి ఏడు వారాలు నడిచారు. ఒక్క పెన్నీ కోసం అంత నడక ఏమిటని అనిపించవచ్చు. నగరం నుంచి దూరంగా ఉండమని చట్టం చెప్పిన మనిషికి, ఆ దూరం ఖర్చు కూడా అతని మీదే వేయడం ఆ ఒక్క పెన్నీ అర్థం.

ఫిలడెల్ఫియాలో ఆరు రోజులు

అదే యుద్ధం, అదే ప్రశ్న అమెరికాలో ఇంకో దారి పట్టింది. ఫిలడెల్ఫియా నగరంలో ట్రాములూ బస్సులూ నడిపే కంపెనీలో సుమారు 11,000 మంది ఉద్యోగులు. నల్లజాతివాళ్లు అందులో ఐదు వందల పైచిలుకు. వాళ్లలో ఒక్కరికీ డ్రైవరు, కండక్టరు ఉద్యోగం లేదు. రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్ష కూడదని అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1941 జూన్ 25న ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని అమలు చేసే ఫెడరల్ సంఘం, నల్లజాతివాళ్లకు ఈ ఉద్యోగాలు ఇవ్వాలని కంపెనీని ఆదేశించింది. 1944లో ఎనిమిది మందికి శిక్షణ మొదలైంది.

ఆ ఎనిమిది మంది కోసం ఆగస్టు 1న తెల్ల ఉద్యోగులు బండ్లు ఆపేశారు. యుద్ధ సామగ్రి తయారుచేసే అతి పెద్ద కేంద్రాల్లో ఒకటైన నగరం స్తంభించింది. మేయర్ బెర్నార్డ్ శామ్యూల్ పాలనలోని నగర యంత్రాంగం శాంతిభద్రతలకు పోలీసుల్ని దింపింది గాని, వివక్ష జోలికి పోలేదు. ఆగస్టు 3న రూజ్వెల్ట్ ఆ రవాణా వ్యవస్థను సైన్యానికి అప్పగించారు. మేజర్ జనరల్ ఫిలిప్ హేస్ చేతికి పగ్గాలు వచ్చాయి. 5,000 మంది సైనికులు నగరంలోకి వచ్చారు. గడువులోగా పనికి రాకపోతే ఉద్యోగం పోతుంది, సైన్యంలో చేరకుండా ఉన్న మినహాయింపూ పోతుంది అని ప్రకటించారు. ఆగస్టు 7 నాటికి బండ్లు కదిలాయి. నల్లజాతి డ్రైవర్ల శిక్షణ మళ్లీ సాగింది. వాళ్లు బండి నడిపితే కొంపలు మునుగుతాయన్న మాట అబద్ధమని కొద్ది వారాల్లోనే తేలిపోయింది.

న్యూయార్క్‌లో ఇంకా ముందే జరిగింది. 1941 వసంతంలో హార్లెం వాసులు బస్సులు బహిష్కరించి, వంద మంది నల్లజాతి డ్రైవర్లను తీసుకునేలా ఒప్పందం సాధించారు. ఆ ఉద్యమం నడిపిన ఆడమ్ క్లేటన్ పావెల్ అదే ఏడాది నవంబర్‌లో నగర మండలికి ఎన్నికయ్యాడు. ఆ మండలిలో మొదటి నల్లజాతి సభ్యుడు అతనే. హార్లెంలో ఓటు ఉంది. అందుకే బస్సు దగ్గర మొదలైన పోరు మండలి కుర్చీ దాకా వెళ్లింది. డర్బన్‌లో ఆ మెట్టు ముందే తీసేశారు.

గీత ఎవరి మీద కూలింది

యుద్ధం ముగిసింది. 1946లో స్మట్స్ ప్రభుత్వం పెగ్గింగ్ చట్టం స్థానంలో భారతీయుల భూమి హక్కును శాశ్వతంగా కట్టడి చేసే చట్టం తెచ్చింది. జూన్ 13న డర్బన్‌లో డాక్టర్ మాంటీ నాయకర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలై, దాదాపు 2,000 మంది జైలుకెళ్లారు. స్వతంత్రం ఇంకా రాని భారతదేశం ఆ ఏడాదే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం ఆపేసింది. ఐక్యరాజ్య సమితిలో భారత ప్రతినిధి విజయలక్ష్మీ పండిట్ ఈ అన్యాయాన్ని ప్రపంచం ముందు పెట్టారు. డిసెంబర్ 8న తీర్మానం నెగ్గింది.

నగరంలోని బస్సుల అడ్డాలో మాత్రం ఏమీ మారలేదు. 1949 జనవరి 13 సాయంత్రం, విక్టోరియా స్ట్రీట్‌లో జనం బస్సుల కోసం గుమిగూడిన వేళ, ఒక భారతీయ దుకాణదారు ఒక ఆఫ్రికన్ కుర్రాణ్ని కొట్టాడు. కుర్రాడి తలకు అద్దం తగిలి రక్తం కారింది. చూస్తుండగానే అది అల్లర్లుగా మారింది. మరునాడు కేటో మేనర్ తగలబడింది. మూడు రోజుల్లో 142 మంది చనిపోయారు. వాళ్లలో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. ఆఫ్రికన్లలో చాలామంది పోలీసుల, సైనికుల కాల్పుల్లో పోయారు. గాయపడినవాళ్లు వెయ్యి దాటారు.

వెనక సీటు మీద కూర్చోబెట్టిన ఇద్దరు ఒకరినొకరు చంపుకున్నారు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్ల మీదికి ఆ కోపం పెద్దగా పోలేదు. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికన్, భారతీయ కాంగ్రెస్ సంఘాల నాయకులు కలిసి వీధుల్లో తిరిగి శాంతించమని వేడుకున్నారు. అప్పటికే అధికారంలో ఉన్న నేషనల్ పార్టీ ఈ చావులనే సాకుగా చూపి, జాతులు కలిసి బతకలేవని చెప్పుకుంది. 1950లో జాతుల వారీగా నివాసాలను విడదీసే చట్టం, 1953లో బస్సు నుంచి బల్ల దాకా అన్నీ వేరు చేసే చట్టం వచ్చాయి. మ్యాగజైన్ బ్యారక్స్ కుటుంబాలను 1960లలో నగరానికి దూరంగా చాట్స్‌వర్త్‌కు తరలించారు. పనికి దూరం పెరిగింది, బస్సు ఖర్చు పెరిగింది. 1953 చట్టం రద్దు కావడానికి 1990 దాకా పట్టింది.

మన నేల మీద

రంగు పేరు మీద అక్కడ జరిగింది ఇక్కడ కులం పేరు మీద జరిగింది. ఉమ్మడి మద్రాసు ప్రెసిడెన్సీలో దళితులను ఎక్కించుకోని ప్రైవేటు బస్సులు ఉండేవి. 1930 ప్రాంతంలో రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడు డబ్ల్యూ.పి.ఎ. సౌందరపాండియన్, అలాంటి బస్సుల అనుమతి రద్దవుతుందని ఆదేశించాడు. స్థానిక పాలన తలచుకుంటే ఒక ఆదేశంతో గీత చెరిపేయగలదని ఆయన చూపించాడు.

నిజాం రాజ్యంలో బస్సు సర్కారుది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం, ప్రజా వాహనం ఎక్కనివ్వకపోవడాన్ని శిక్షించదగిన నేరంగా పేరుపెట్టి రాసింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. నిజామాబాదు జిల్లా భీమ్‌గల్‌లో బీడీలు చుట్టి బతికే ఆడమనిషి ఆర్మూరు ఆసుపత్రికో నిజామాబాదు బజారుకో వెళ్లేటప్పుడు ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చుంటుంది. అది చిన్న సంగతి కాదు. ఆ సీటు కోసం మూడు ఖండాల్లో మనుషులు నడిచారు, జైలుకెళ్లారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

డర్బన్ చెప్పే పాఠం ఒకటే. ఓటర్ల జాబితాలో పేరు లేని వాడకు బస్సు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా వెనక సీటే మిగులుతుంది. భీమ్‌గల్ 2018లో పురపాలక సంఘమైంది. మండలిలో మాట్లాడే మనిషిని ఎన్నుకునే హక్కు, డర్బన్ తెలుగువాడికి 1924లో మూసేసిన ఆ హక్కు, ఇక్కడ ప్రతి వార్డుకూ ఉంది. బస్సు ఇంకా రాని తండా ఏది, రోడ్డు లేని వాడ ఏది, ఎండకు నిలువ నీడలేని స్టాపు ఏది అని ఓటు అడగడానికి వచ్చినవాళ్లను నిలదీయండి. ఆ ప్రశ్న అడగగలగడమే ముందు వరుసలో కూర్చోవడం.